తెల్లారాకే బండి తీద్దాం

సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి హైదరాబాద్‌లో ఇంటింటా ఒకటే లెక్క. "రాత్రి పదకొండుకి బయల్దేరితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటాం. పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు. ట్రాఫిక్ ఉండదు, టోల్‌గేట్ల దగ్గర లైను ఉండదు." వినడానికి అన్నీ సబబుగానే ఉంటాయి. అయితే ఆ లెక్కలో ఎవరూ రాయని పద్దు ఒకటుంది. పదకొండుకి హయత్‌నగర్ దాటిన కారు తెల్లవారుజామున మూడున్నర నాలుగింటికి విజయవాడ చుట్టుపక్కల ఉంటుంది. పొద్దున లేచి, ఆఫీసుకెళ్లి, సాయంత్రం సామాను సర్ది స్టీరింగు పట్టుకున్న మనిషి అప్పటికి ఇరవై గంటలుగా మేలుకునే ఉన్నాడు. సరిగ్గా ఆ వేళకే కృష్ణా తీరంలో పొగమంచు దిగుతుంది. నిద్ర ముంచుకొచ్చే సమయం, మంచు ముంచుకొచ్చే సమయం ఒకటే కావడం మన చలికాలపు దారులకున్న పెద్ద ప్రమాదం. ఫోన్‌లోని మ్యాపు దాన్ని ఏ రంగుతోనూ చూపించదు.

క్షేమమైన దారి ఏదని అడిగితే చాలామంది జాతీయ రహదారి నంబరు చెబుతారు. నంబరు రెండో మాట. ఏ వేళకి ఏ ఊరు దాటుతామన్నది మొదటి మాట. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మదనపల్లె నుంచి అజ్మీర్ బయల్దేరిన టెంపో ఒకటి కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో డివైడర్ దాటి అవతలి లారీని ఢీకొంది. 14 మంది చనిపోయారు. అది దేశంలోకెల్లా పొడవైన 44వ నంబరు జాతీయ రహదారి. నాలుగు వరుసలు, మధ్యలో డివైడర్, చక్కటి తారు. ఆ దారికి వంక పెట్టలేం, వేళే మంచిది కాదు.

పగటి గంటల పొదుపు

సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యోదయం ఆరూ ముప్పావు ప్రాంతంలో అవుతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి పొద్దు గుంకుతుంది. తూర్పుకి వెళ్లేకొద్దీ రెండూ ఇంకా ముందుకి జరుగుతాయి. విశాఖలో ఐదున్నర దాటిన కాసేపటికే చీకటి. అంటే చేతిలో ఉన్నది పదకొండు గంటల వెలుగు. అందులో మంచు విడవడానికి ఉదయం ఓ గంట తీసేయాలి. టిఫిను, భోజనం, పిల్లల కోసం ఆగడాలు, పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవడం, టోల్‌గేట్ల దగ్గర నిలబడటం, అన్నిటికీ కలిపి ఇంకో రెండు. మిగిలింది ఎనిమిది గంటలు. పండగ రద్దీలో సగటున గంటకు 55 కిలోమీటర్లు సాగితే అదృష్టమే. రోజుకి 440 కిలోమీటర్లు.

ఈ లెక్క పట్టుకుని చూస్తే దారి దానంతటదే రెండుగా విడిపోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి సుమారు 275 కిలోమీటర్లు, అక్కణ్నుంచి రాజమండ్రి మరో 160. మొత్తం ఒక పగటి పని. విశాఖ ఇంకో 190 కిలోమీటర్ల అవతల, శ్రీకాకుళం దానికీ వంద పైన. కాబట్టి ఉత్తరాంధ్ర వెళ్లేవాళ్లకి రాజమండ్రిలో ఒక రాత్రి తప్పనిసరి అనే నేనంటాను. లాడ్జికి డబ్బు దండగ అనిపించొచ్చు. అప్పుడు కారులో ఎవరెవరున్నారో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి. అమ్మమ్మ ఫోను చేసి "ఎప్పుడొస్తార్రా?" అంటే "రేపు మధ్యాహ్నం భోజనానికి" అని ముందే చెప్పేస్తే, చీకట్లో తొందరపెట్టే ఫోన్లు కూడా ఆగిపోతాయి. ఇంటి నుంచి వచ్చే "ఎక్కడిదాకా వచ్చారు?" అన్న ప్రేమే చాలా కార్ల వేగం పెంచుతోంది.

ఇద్దరు నడపగలిగితే రాత్రి ప్రయాణం ఫరవాలేదన్న వాదన తరచూ వింటాం. పక్క సీట్లో రెండో డ్రైవరు నిద్రపోతే కారులో మేలుకున్నది ఒక్కడే. ఆ ఒక్కడికీ కునుకు పడితే లేపేవాళ్లు లేరు. టీ తాగితే, కిటికీ దించితే, పాటలు పెంచితే నిద్ర ఆగదు, కాసేపు వెనక్కి జరుగుతుంది, అంతే. నిద్రకి మందు నిద్రే. పెట్రోలు బంకులో వెలుగున్న చోట ఆపి, తలుపులు లాక్ చేసి, అద్దం ఒక అంగుళం దించి, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడం ఎంత ఫ్లాస్కు కాఫీకైనా మించిన పని.

మంచులో ఎంత వేగం?

మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడిపోతుంది. నేలనంటిన గాలిలో తేమ చిక్కబడి సన్నటి నీటి బిందువులై అక్కడే వేలాడుతుంది. తేమ ఎక్కువున్నచోట మంచు ఎక్కువ. అందుకే విజయవాడ దారిలో మూసీ, పాలేరు, మున్నేరు దాటే చోట్ల, సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో, విజయవాడ దాటాక హనుమాన్ జంక్షన్ నుంచి ఏలూరు వైపు చేపల చెరువుల పక్కన, గోదావరి లంకల దగ్గర అది గోడలా కడుతుంది. రెండు కిలోమీటర్లు తేటగా ఉన్న దారి మూడో కిలోమీటరులో ఒక్కసారిగా మాయమవుతుంది. చాలామందికి తెలియని సంగతి, పొద్దు పొడవగానే మంచు విడిపోదు. సూర్యుడొచ్చాక కూడా కాసేపు ఇంకా చిక్కబడటం తరచూ జరుగుతుంది. "తెల్లారింది కదా" అని ఆరున్నరకి వేగం అందుకోవడం అందుకే తప్పు. ఎనిమిదికి బయల్దేరడం బద్ధకమేమీ కాదు.

వాతావరణ శాఖ భాషలో 200 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తే దట్టమైన మంచు, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైన మంచు. దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. ముందున్న అడ్డాన్ని చూసి, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగడానికి ఎంత దూరం కావాలో రోడ్లు రూపొందించే ఇంజినీర్ల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్ణయించింది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో 180 మీటర్లు. 80లో 120 మీటర్లు. 60లో 80 మీటర్లు. 40లో 45 మీటర్లు. నాలుగు వరుసల రహదారిపై కారుకి గరిష్ఠ వేగం 100 అని చట్టం ఒప్పుకుంటుంది. 50 మీటర్లే కనిపిస్తున్న మంచులో 40కి మించి నడిపే ప్రతి డ్రైవరూ తనకు కనిపించని చోటులో బ్రేకు పడుతుందని ఆశపడుతున్నట్టే.

ఆ కనిపించని చోటులో ఏముంటుందో దగ్గరగా చూద్దాం. ఇరుసు విరిగిన లారీ ఒకటి ఎడమ వరుసలో ఆగిపోయింది. వెనక లైట్లు మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. క్లీనరు దిగి, రోడ్డు వారగా దొరికిన నాలుగు రాళ్లూ విరిచి తెచ్చిన ఒక వేపకొమ్మా లారీకి పదడుగుల వెనక పెట్టాడు. పట్టపగలు వచ్చేవాళ్లకి ఆ కొమ్మ కనిపిస్తుంది, పక్కకి తప్పుకుంటారు. మంచులో ఆ కొమ్మ కనిపించేటప్పటికి లారీ కూడా కనిపిస్తుంది. 100లో వస్తున్న కారు సెకనుకి 28 మీటర్లు దూసుకొస్తుంది. పదడుగులంటే మూడు మీటర్లు.

మంచు పట్టినప్పుడు హైబీమ్ వేస్తే వెలుగు బిందువులకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు వేసి రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీత పట్టుకుని పోవాలి. నడుస్తున్న బండికి హజార్డ్ లైట్లు వేసే అలవాటు మానాలి. వెనకొచ్చేవాడికి మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో, పక్కకి తిరుగుతున్నారో అర్థం కాదు. అద్దం లోపల ఆవిరి పడితే చలి అని చూడకుండా ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి. ఆగాలనిపిస్తే రోడ్డు వార మాత్రం ఆపకండి. బంకులోకో ధాబా ఆవరణలోకో టోల్‌గేటు పక్కనున్న ఖాళీలోకో వెళ్లి ఆపండి.

మూడు దారులు, ఒక పండగ

హైదరాబాద్ నుంచి కోస్తాకి పండగ రద్దీ మొత్తాన్నీ మోసేది 65వ నంబరు జాతీయ రహదారి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర భోగికి ముందు రెండు మూడు రోజులు కార్లు బారులు తీరతాయి. విసిగిపోయి చాలామంది పక్కదారులు వెతుకుతారు. పక్కదారి మంచిదా కాదా అన్నది మీరు ఎక్కడికి వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వెళ్లేవాళ్లకి అసలు విజయవాడ రద్దీలో చిక్కుకునే అవసరమే లేదు. నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగితే నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి, అక్కణ్నుంచి మేదరమెట్ల దగ్గర చెన్నై హైవే అందుతుంది. నాలుగు వరుసల దారి. సాగర్ రోడ్డు కూడా ఉంది. బొంగ్లూర్ గేటు దగ్గర ఔటర్ దిగి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా సాగర్ ఆనకట్ట, ఆపైన మాచర్ల. చూడముచ్చటైన దారి. కానీ చాలా భాగం ఎదురెదురుగా బండ్లు వచ్చే రోడ్డు, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. పగలు, తీరిక ఉంటే సాగర్ దారి. తీరిక లేకపోతే నార్కట్‌పల్లి దారి. రాత్రికి రెండూ వద్దు.

రాజమండ్రి, కాకినాడ వెళ్లేవాళ్లకి సూర్యాపేట దగ్గర ఎడమకి తిరిగి ఖమ్మం మీదుగా పోవాలన్న ఆశ ఉంటుంది. సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా నాలుగు వరుసల రోడ్డు బాగుంటుంది. ఖమ్మం దాటాక పాత దారిలో సత్తుపల్లి బొగ్గు లారీలు, అశ్వారావుపేట దగ్గర పామాయిలు గెలల ట్రాక్టర్లు ఎదురవుతాయి. ఖమ్మం నుంచి దేవరపల్లికి 162 కిలోమీటర్ల కొత్త గ్రీన్‌ఫీల్డ్ హైవే కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తిగా వాడుకలోకి వస్తే ఉత్తరాంధ్ర ప్రయాణం లెక్కే మారిపోతుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా బండ్లు వదులుతున్నారో బయల్దేరే రోజు కనుక్కుని ఎక్కాలి. సగం కట్టిన రోడ్డు మీద మట్టికుప్పల దగ్గర దారి మళ్లింపు బోర్డులు రాత్రిపూట కనిపించవు.

ఇక అసలు దారి, 65. దీన్ని వదిలేయమని నేను చెప్పను. డివైడర్ ఉంది, ప్రతి పది పదిహేను కిలోమీటర్లకి బంకు ఉంది, నార్కట్‌పల్లి, నల్గొండ, సూర్యాపేటల్లో పెద్దాసుపత్రులు ఉన్నాయి. దారి ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోవడం అపశకునమేమీ కాదు. ప్రమాదం జరిగినవాళ్లకి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది. అంబులెన్సు కోసం 108, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. ఈ రెండు నంబర్లు కారులో అందరి ఫోన్లలోనూ ఉండాలి, డ్రైవరు ఫోన్‌లో ఒక్కదాంట్లోనే కాదు.

ఈ దారిలో అపాయం ఎక్కువగా ఎదురెదురు ఢీకొనడంలో ఉండదు, అడ్డంగా వచ్చేవాటిలో ఉంటుంది. ఊరు ఒక పక్క, పొలాలు ఒక పక్క. మధ్యలో హైవే. గడ్డిమోపుతో ఉన్న బండి, పాలక్యాన్ల మోటార్ సైకిలు, వడ్ల ట్రాక్టరు రోజూ దాన్ని దాటాల్సిందే. రెండు కిలోమీటర్లు పోయి వంతెన కింద నుంచి తిరిగి రావడానికి డీజిలు ఖర్చని రాంగ్ రూట్‌లో వచ్చేస్తారు. 2014 డిసెంబరు 6న సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ కారు మునగాల మండలం ఆకుపాముల దగ్గర ట్రాక్టరును ఢీకొని ఆయన చనిపోయారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2018 ఆగస్టు 29 ఉదయం, ఆయన తండ్రి, నటుడు హరికృష్ణ నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద తానే కారు నడుపుతూ ప్రమాదంలో మరణించారు. అది పైన చెప్పిన నార్కట్‌పల్లి–అద్దంకి దారి. తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఈ రెండు మరణాల తర్వాత కూడా క్రాస్‌రోడ్ల దగ్గర వేగం తగ్గించే కార్లు నాకు తక్కువే కనిపిస్తాయి. ఊరి పేరు బోర్డు కనపడగానే కాలు యాక్సిలరేటర్ మీది నుంచి తీసి బ్రేకు మీద ఆనించి ఉంచడం, ఎవరూ రాకపోయినా సరే, ఈ దారికి కట్టాల్సిన అసలు టోలు.

డిసెంబరులో ఇంకొకటి. వరి కోతలయ్యాక సర్వీసు రోడ్ల మీద, చిన్న దారుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రైతుకి కల్లం లేదు, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందంటారు, ఆరబెట్టుకోక ఏం చేస్తాడు? సాయంత్రం రాశిగా పోసి, మంచుకి తడవకుండా పట్టా కప్పి, పట్టా ఎగరకుండా అంచుల్లో బండరాళ్లు పెడతాడు. నల్లటి తారు మీద నల్లటి పట్టా. ఎదుటి బండి లైటు కళ్లలో పడిన క్షణంలో అది కనిపించదు. అనకాపల్లి చుట్టుపక్కల జనవరిలో చెరకు ట్రాక్టర్లదీ ఇదే కథ. ట్రాలీ దాటి బయటికి వచ్చిన చెరకు గడలకి రిఫ్లెక్టరు ఉండదు.

టోలు తప్పించుకోవడానికి సింగిల్ రోడ్డు ఎక్కేవాళ్లకి ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. మొదలైనప్పుడు దాని ధర మూడు వేల రూపాయలు. దాంతో ఏడాదిలో 200 సార్లు జాతీయ రహదారుల టోల్‌గేట్లు దాటొచ్చు. రాష్ట్ర రహదారుల మీద చెల్లదు. ఏడాదికి నాలుగుసార్లు ఊరెళ్లే కుటుంబానికి టోలు ఆదా కోసం డివైడర్ లేని దారి ఎక్కాల్సిన అగత్యం ఇక లేదు.

విజయవాడ ఊళ్లోకి వెళ్లే పని లేనివాళ్లకి గొల్లపూడి నుంచి చిన్న అవుటపల్లికి పశ్చిమ బైపాస్ ఉంది. వారధి, బెంజి సర్కిల్ రద్దీ తప్పుతుంది. ఎక్కేముందు రెండు వైపులా బండ్లు వదులుతున్నారా, లైట్లు వేశారా అని చూసుకోండి.

మ్యాపు చెప్పే అడ్డదారి

రహదారి మీద బండ్లు ఆగిపోగానే ఫోను "పన్నెండు నిమిషాలు ఆదా" అని ఎడమకి తిప్పమంటుంది. మ్యాపుకి నిమిషాలే తెలుసు. ఆ ఎడమ దారి కాలువ గట్టు కావచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో గట్ల మీది రోడ్లు అందంగా ఉంటాయి, కొబ్బరి నీడలో, నీటి పక్కన. చాలాచోట్ల ఒక బండి వెడల్పే, పిట్టగోడ ఉండదు. ఎదురుగా ఇంకో కారు వస్తే ఒకరు అంచుకి జరగాలి. పగలైతే అంచు ఎక్కడుందో తెలుస్తుంది. మంచులో గట్టు, నీళ్లు ఒకే రంగులో ఉంటాయి. రాత్రిపూట పరిచయం లేని కాలువ గట్టు ఎక్కొద్దు, ఎంత జామైనా సరే. జామ్‌లో నిలబడితే పోయేది గంట.

మ్యాపు చెప్పని మరో సంగతి తాళం వేసే దారులు. శ్రీశైలం వెళ్లేవాళ్లకి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు గేటు మూస్తారు. దోర్నాల వైపు నుంచి కూడా అంతే. తొమ్మిదికి ముందు గేటు అందుకోవాలని చీకట్లో డిండి నుంచి అచ్చంపేట మీదుగా పరుగులు తీసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆ గేటు అడవి జంతువుల కోసం పెట్టింది, మనల్నీ కాపాడుతోంది. మధ్యాహ్నం మూడుకల్లా మన్ననూరు దాటేలా బయల్దేరితే సరిపోతుంది. సంక్రాంతికి ఊటీ వెళ్లేవాళ్లు బందీపూర్ అడవి దారి కూడా రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా మూస్తారని, నీలగిరి జిల్లాలోకి, కొడైకెనాల్‌కి 2024 మే నుంచి ఈ-పాసు కావాలని గుర్తుపెట్టుకోండి.

తిరుపతి దారిలో కడప నుంచి రాయచోటి వైపు వెళ్తే గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. లారీలు అదుపు తప్పే మలుపులవి. ముందున్న లారీకి కనీసం రెండు మలుపుల దూరం వదిలి, ఊళ్లో ఆగి పాలకోవా కొనుక్కుని, ఇంజిను చల్లారాక సాగండి.

సూర్యోదయం కోసం చీకట్లో ఘాట్

పండగ అయ్యాక పిల్లల్ని తీసుకుని అరకు, లంబసింగి, వంజంగి వెళ్లడం ఈ పదేళ్లలో బాగా పెరిగింది. వంజంగి కొండ మీద మేఘాల సముద్రం పైనుంచి సూర్యుడు లేవడం చూడాల్సిన దృశ్యమే. దాని కోసం విశాఖలో రాత్రి ఒంటిగంటకి బయల్దేరి మూడు, నాలుగింటికి పాడేరు ఘాట్ ఎక్కడమే నేను ఒప్పుకోలేనిది. కొండ మీద మేఘాలు చూడటానికి వెళ్తున్నామంటే ఆ మేఘాల్లోంచే కారు నడుపుతున్నామని అర్థం. ముందురోజు సాయంత్రం నాలుగులోపు ఘాట్ ఎక్కి పాడేరులోనో చింతపల్లిలోనో పడుకుంటే, తెల్లవారుజామున మిగిలేది కొద్ది దూరమే. గది దొరకలేదా, ఆ ఏడాది వంజంగి మానేసి మధ్యాహ్నం బొర్రా గుహలు చూసి రండి.

2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగొస్తున్న హైదరాబాద్ కుటుంబాల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. అది చీకటి పడ్డాక దిగుతున్న బస్సు. 2025 డిసెంబరు 12 తెల్లవారుజామున భద్రాచలం దర్శనం చేసుకుని అన్నవరం వెళ్తున్న చిత్తూరు జిల్లా యాత్రికుల బస్సు చింతూరు–మారేడుమిల్లి ఘాట్‌లో పడి తొమ్మిది మంది పోయారు. రెండు ప్రమాదాల చోట్లు, కారణాలు వేరు. వేళలు మాత్రం ఘాట్ మీద ఉండకూడని వేళలే. భద్రాచలం నుంచి అన్నవరం ఒకే రాత్రిలో కలపాలనుకునే యాత్రల ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఆ ఘాట్‌ని పగటి పూటకి మార్చాలి. టికెట్ కొనేవాళ్లు కూడా "ఘాట్ ఎన్నింటికి దాటుతారు?" అని అడిగి కొనాలి.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరులో ఇంజిను పట్టు మీద దిగాలి. న్యూట్రల్‌లో వదలడం పెట్రోలు ఆదా అనుకోవద్దు. ఆటోమేటిక్ కార్లలో కూడా గేరుని కిందికి పట్టి ఉంచే వీలుంటుంది. అదెలాగో ఇంటి దగ్గరే నేర్చుకుని బయల్దేరాలి. ఇరుకు మలుపులో దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలన్నది నిబంధన. మలుపుకి ముందు హారన్, రాత్రయితే డిప్పరు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరానికి 516ఇ జాతీయ రహదారిని వెడల్పు చేస్తున్నారు. పని జరిగే చోట కొండ చెక్కిన మట్టి, వదులు రాళ్లు ఉంటాయి. ఆ దారి గొప్ప దారి అవుతుంది, అయ్యేదాకా నర్సీపట్నం మీదుగా పగలు ఎక్కి, పగలే దిగడం మేలు.

కాశీ దాకా వెళ్లేవాళ్లు

ఈ మధ్య మాఘమాసంలో సొంత కారులో కాశీ, ప్రయాగ వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదిలాబాద్, నాగ్‌పుర్, సివనీ, జబల్‌పుర్, రీవా మీదుగా. నాగ్‌పుర్‌లో ఒక రాత్రి, జబల్‌పుర్‌లో ఒక రాత్రి పెట్టుకోవాలి. గంగా మైదానంలో జనవరి మంచు మన మంచులాంటిది కాదు. కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా సూర్యుడే కనిపించడు. రీవా దాటాక ఉదయం పదికి ముందు చక్రం కదపనన్న నియమం పెట్టుకోండి. 2025 ఫిబ్రవరి 11న కుంభమేళా స్నానం చేసుకుని తిరిగొస్తున్న హైదరాబాద్ నాచారం వాళ్ల మినీబస్సుని జబల్‌పుర్ జిల్లా సిహోరా దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చిన లారీ ఢీకొంది. ఏడుగురు ఇంటికి రాలేదు. మన వేగం మన చేతిలో ఉంటుంది, ఎదుటివాడి వేగం ఉండదు. వేగం తక్కువుంటే తప్పుకోవడానికి ఓ రెండు సెకన్లు దొరకొచ్చు, అంతకు మించి భరోసా ఏ రోడ్డూ ఇవ్వదు. పెద్దవాళ్లున్న కుటుంబాలు కాశీకి రైలెక్కి, అక్కడ తిరగడానికి కారు మాట్లాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు ఇంత ఆలోచించినవాళ్లు కూడా వచ్చేటప్పుడు ఆదమరుస్తారు. కనుమ నాడు కాకైనా కదలదని మన పెద్దల మాట. ఇప్పుడు కనుమ సాయంత్రానికే హైవే నిండిపోతోంది. పొద్దున మాంసం భోజనం, మధ్యాహ్నం బంధువుల వీడ్కోళ్లు, చీకటి పడ్డాక అరిసెల డబ్బాలతో బరువెక్కిన కారు. నాలుగు రోజులుగా సరిగా నిద్రలేని డ్రైవరు. పందేల బరుల దగ్గర రోడ్డు మీదే ఆపిన బండ్లు, తాగి నడిపే మోటార్ సైకిళ్లు. వెళ్లిన రాత్రి కన్నా ఈ రాత్రి చెడ్డది. ముక్కనుమ నాడు మంచు విడిచాక, టిఫిను చేసి, టైర్లలో గాలి, స్టెప్నీలో గాలి చూసుకుని బయల్దేరండి. వెనక సీటులో కూర్చున్నవాళ్లకి కూడా బెల్టు పెట్టించండి, నిద్రపోయే పిల్లలకి ముఖ్యంగా. ఆ రోజు పొద్దు గుంకేలోపు హైదరాబాద్ చేరలేమనిపిస్తే సూర్యాపేటలో ఆగిపోండి.

ఇది చదివేవాళ్లలో ఆఫీసులు నడిపేవాళ్లుంటే వాళ్లకొక విన్నపం. ముక్కనుమ మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మీటింగు పెట్టకండి. మధ్యాహ్నం రెండుకి పెట్టండి, లేదా ఇంకో రోజు సెలవివ్వండి. మీ దగ్గర పనిచేసేవాళ్లు రాత్రంతా బండి నడపకుండా, పగలు వస్తారు.